మితోకొంద్రీ, నా తోకా

గుడ్‌ల్యాండ్స్ నుంచి దీవికి ఇవతలి కొసనున్న ఈ సుయాక్ దాకా చెప్పాపెట్టకుండా ఎందుకొచ్చావురా అని అడిగావు కదా అక్కా? చెప్తాను. ఇంకా కిందికి పోదామంటే సముద్రం అడ్డం వచ్చింది, అందుకని మీ ఇంటి దగ్గర ఆగాను. మొన్న ఆదివారం మా రామమందిరం హాల్లో, ఊరు ఊరంతా చూస్తుండగా, పెద్దల ముందు, దీపం ముందు, మా ఆవిడ ముందు, నేను వెనక్కి తిరిగి, కోటు పైకెత్తి, "చూడండి! ఎక్కడుంది తోక?" అని అడిగాను.

నవ్వకు బావా, ఇంకా మొదలే పెట్టలేదు! అక్కా, ముందు టీ పొయ్యి. చక్కెర మాత్రం చూసి వెయ్యి. ఎందుకో నీకే తెలుస్తుంది.

అసలు ఈ గొడవంతా మా ఊళ్ళోకి కొత్తగా వచ్చిన మిస్యే సోము వల్ల జరిగింది. కాదులే, అబద్ధమెందుకు. నా కుళ్ళు వల్ల జరిగింది. మామూలు కుళ్ళు కాదు. అన్నం తింటున్నా అదే, బస్సులో టికెట్లు చింపుతున్నా అదే, భజనలో తాళం వేస్తున్నా అదే.

మా ఆవిడ కాంతానికి నర్సు అవ్వాలని ఎప్పట్నుంచో కోరిక, నీకు తెలుసుగా. ఆసుపత్రిలో పని నేర్పిస్తారు, కానీ ముందు ఒక పరీక్ష రాయాలి. అందులో బయాలజీ ఉంటుంది. "చదువుకో కాంతం, నేనుండగా నీకేం భయం" అని నేనే అన్నాను. అప్పుడు నా మనసు అంత పెద్దది. బయాలజీ కూడా నేనే చెప్పేద్దామనుకుని పుస్తకం తెరిచాను. తెరవగానే ఒక కప్ప వెల్లకిలా పడుకుని, పొట్ట విప్పుకుని కనబడింది. పుస్తకం మూసేశాను.

అలాంటప్పుడు ఊడిపడ్డాడు ఈ సోము. మోకా ఊరివాడు. మా వీధిలో వాళ్ళ పిన్నిగారింట్లో ఉంటాడు. పట్నంలో ఏదో కాలేజీలో సైన్సు చెప్తాడు కనుక ఊరంతా "మిస్యే, మిస్యే" అంటూ సారుగారిలా చూసుకుంటోంది. మనవాడే. వాళ్ళ ముత్తాతా మన ముత్తాతా ఒకే ఓడలో వాంతులు చేసుకుంటూ ఈ చెరకు తోటలకి వచ్చి ఉంటారు. కానీ తెలుగు ముక్క ఒక్కటి రాదు. "నమస్కారం" అన్నా ఫ్రెంచివాడు దగ్గినట్టుంటుంది. టెర్లిన్ చొక్కా, జేబులో రెండు పెన్నులు. జుట్టుకి ఏం రాస్తాడో తెలియదు గానీ మొన్నటి తుఫానుకి మా హాలు రేకులు లేచిపోయాయి, వాడి క్రాపు మాత్రం కదల్లేదు!

నర్సు పరీక్ష రాసే ఆడవాళ్ళకి ఊరికే, డబ్బు తీసుకోకుండా పాఠం చెప్తానన్నాడు. మరి చోటేది? ఉన్నది మందిరం హాలు ఒక్కటే, సాయంత్రాలు అక్కడ నా తెలుగు బడి నడుస్తుంది. మా సొసైటీ ప్రెసిడెంటు వీరన్న తాత ఆలోచించి, హాలు మధ్యలో ఒక తెర కట్టించాడు. ఎవరి పెళ్ళిదో పాత పందిరి గుడ్డ, దానిమీద నెమళ్ళు. నెమళ్ళకి ఈ పక్క నా తెలుగు, ఆ పక్క సోము సైన్సు.

మొదటిరోజే నాకు కడుపు మండింది. ఈ పక్క పిల్లలు "అమ్మ... ఆవు..." అని నిద్రమొహాలతో సాగదీస్తున్నారా, ఆ పక్క నుంచి నవ్వులు! పాఠంలో నవ్వులేమిటి బావా? నేను ఇన్నేళ్ళుగా తెలుగు చెప్తున్నాను, నా బడిలో ఒక్కడైనా నవ్వాడా? గుణింతాలు మొదలుపెడితే ఏడ్చినవాళ్ళున్నారు గానీ!

అందులోనూ కాంతం నవ్వు. వందమందిలో ఉన్నా పట్టేస్తాను. పెళ్ళైన కొత్తలో నేను పైకి పద్యం చదువుతుంటే, మా ఆవిడ గడపలో కూర్చుని నోరు కొంచెం తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోయేది. ఒక్క మాటా అర్థమయ్యేది కాదు పాపం, వాళ్ళింట్లో అంతా ఈ దీవి విరిగిన ఫ్రెంచి, క్రెయోలే కదా. అయినా చూసేది. ఏ సందేహం వచ్చినా నన్నే అడిగేది. ఆకాశం ఎందుకు నీలంగా ఉందంటే కూడా నేనేదో ఒకటి చెప్పేవాణ్ణి, నమ్మేది. ఇప్పుడు ఆ చూపు నెమళ్ళకి అటుపక్కకి పోయింది. నాకు నొప్పి పుట్టింది అక్కా. నవ్వులాటకి చెప్తున్నాను గానీ, నిజంగానే నొప్పి పుట్టింది.

ఒక సాయంత్రం ఏమైందంటే, మా పిల్లలు గట్టిగా ఎక్కాల్లాగా గుణింతం అరుస్తున్నారు. తెర అవతల సోము ఏదో చెప్తున్నాడు. క్రెయోల్లో మొదలుపెట్టాడు, ముందు మాటలు పిల్లల గోలలో కలిసిపోయాయి. పిల్లలు ఊపిరి తీసుకోవడానికి ఆగారు చూడు, సరిగ్గా అప్పుడు చివరి మాట మాత్రం స్పష్టంగా, గంట కొట్టినట్టు వినబడింది:

"...మీ తోక ఉంద్రి!"

ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా కాంతం.

నేను సుద్దముక్క పట్టుకుని అలా నిలబడిపోయాను. మీ తోక ఉంది! మళ్ళీ అన్నాడు, మళ్ళీ నవ్వారు. వ్యాకరణం ప్రకారం చూసినా వాక్యంలో తప్పేమీ లేదు! చివర్న ఆ "రి" ఏమిటా అని కాసేపు ఆలోచించాను. ఫ్రెంచి బడిలో చదివినవాడు కదా, తోక ఉందనే మాటకి కూడా ఇంకో తోక తగిలించాడనుకున్నాను. చూశావా బావా వాడి పొగరు? నమస్కారం అనడం రానివాడు, మనల్ని ఆటపట్టించడానికి మాత్రం చక్కగా తెలుగు నేర్చుకున్నాడు!

ఇంటికొచ్చాక కనిపెట్టి చూశాను. కాంతం ఫరాటాకి పిండి కలుపుతూ తనలో తాను గొణుక్కుంటోంది. దగ్గరికి వెళ్ళి చెవిపెట్టాను. "మితోకొంద్రి... మితోకొంద్రి..." నన్ను చూసి ఆపేసింది. ఆపేసి, నవ్వింది!

అప్పుడు నాకు ఇంకో అనుమానం. అది "నీ తోక" కాదు, "మీ తోక". మా ఇంట్లో ఆవిడ "మీరు" అనేది ఎవర్ని? నన్ను! పిల్లినీ కోళ్ళనీ అనదు కదా. అంటే ఆ తోక ఎవరిదో తేలిపోయినట్టే.

అదేమిటని అడగొచ్చు కదా అంటావు. ఎలా అడగను అక్కా? ఊరందరికీ తెలుగు చెప్పే మాస్టర్ని, "కాంతం, మీ తోక అంటే అర్థమేమిటి" అని అడగనా? పరువేం కావాలి?

రెండురోజులాగి తనే అడిగింది. "ఏమండీ, కాల్చడం అనే మాటకి ఇంకా గౌరవంగా ఉండే తెలుగు మాట ఏదైనా ఉందా?"

"దహించడం. దేన్ని కాల్చాలి?"

"ఏమీ లేదులెండి, ఊరికే." మళ్ళీ ఆ నవ్వు!

నా బుర్ర గిర్రున తిరిగింది. తోక. దహించడం. తోకా దహనమూ కలిస్తే ఎవరు బావా? ఆఁ! హనుమంతుడు! రామభజనంలో దీపం చుట్టూ తిరుగుతూ లంకాదహనం పాట వచ్చేసరికి నేను ఎంత ఎత్తు ఎగురుతానో మీకు తెలుసు కదా. ఉత్తరాన నా అంత ఎత్తు ఎగిరే భజన మాస్టరు లేడని అందరూ అంటారు. దాన్ని పట్టుకుని తెర వెనక నాకు పేరు పెట్టారన్నమాట! హనుమంతుడంటే నాకు ప్రాణం, రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ కట్టుకున్న పెళ్ళాం, పరాయి మగవాడి పాఠంలో కూర్చుని నన్ను ఆయనతో పోల్చి నవ్వితే, అది భక్తి అవుతుందా చెప్పు?

ఇంకా అయిపోలేదు. ఒకరోజు పొద్దున్నే నేను పెరట్లో మొహం కడుక్కుంటుంటే, కాంతం కంచె దగ్గర పక్కింటి గంగమ్మతో మాట్లాడుతోంది. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"మితోకొంద్రి అందరికీ ఉంటుంది వదినా. నీకూ ఉంది, మా ఆయనకీ ఉంది."

"ఆయో! మరి కనబడదే?"

"చాలా చిన్నది కదా, కంటికి ఆనదు."

మా ఆయనకీ ఉందట! చిన్నదట! కంటికి ఆనదట! లోపలికి వెళ్ళి, తలుపు గడియపెట్టి, గోడకున్న అద్దం తీసి మంచం మీద ఆనించి, వెనక్కి తిరిగి మెడ విరిగేలా చూసుకున్నాను. ఒట్టు అక్కా, చూసుకున్నాను. ఏమీ లేదు. ఉండదని తెలుసు. అయినా చూసుకున్నాక మనసు కొంచెం కుదుటపడింది చూడు, అందుకే నామీద నాకే అసహ్యం వేసింది. మెడ మాత్రం పట్టేసింది. ఆ రోజంతా బస్సులో మెడ పక్కకి పెట్టుకునే టికెట్లు ఇచ్చాను.

ఇలా ఉండగా కొందరు పెద్దలు వీరన్న తాత దగ్గర మొదలుపెట్టారు. "దేవుడి హాల్లో కప్పల చదువేమిటి, ఆడవాళ్ళ నవ్వులేమిటి" అని. వాళ్ళలో నేను లేను, దణ్ణంపెట్టి చెప్తున్నాను, లేను! కానీ వాళ్ళు అంటుంటే వద్దని కూడా అనలేదు. తాత ఒక తీర్పు చెప్పాడు. ఆదివారం భజనకి ముందు, చదువుకునే ఆడవాళ్ళలో ఒకరు లేచి, ఇన్నాళ్ళూ ఏం నేర్చుకున్నారో పెద్దలకి అర్థమయ్యేలా చెప్పాలి. అర్థమైతే పాఠం ఉంటుంది. కాకపోతే తెర విప్పేస్తారు.

తెర విప్పేస్తే ఇంకెక్కడా చోటు లేదు. పరీక్ష దగ్గరికొచ్చేసింది. కాంతం నర్సు కావడం అనే మాట ఇక ఉండదు. చెప్పడానికి అందరూ కలిసి కాంతాన్నే ఎన్నుకున్నారు. ఆ వారమంతా మా ఆవిడకి తిండి లేదు, నిద్ర లేదు. కూర మాడ్చింది, కోళ్ళకి మేత వెయ్యడం మర్చిపోయింది. నేను మాత్రం లోపల ఒక మూల, తెర విప్పేస్తే బాగుండు అనుకుంటూ తిరిగాను. సోము మోకాకి పోతాడు, చూపు మళ్ళీ ఇటు తిరుగుతుంది. అంత చిన్న బుద్ధి పుట్టింది బావా నాకు.

ఆదివారం వచ్చింది. హాలు నిండిపోయింది. మధ్యలో దీపం వెలిగించారు. బయట మిరపకాయ గారెలు, అవే గాతో పిమా, వేగుతున్నాయి, ఆ వాసనకే సగం ఊరు వచ్చింది. నేను భజన మాస్టర్ని కనుక ముందు వరసలో, పంచె కట్టుకుని, పైన కోటు వేసుకుని, చేతిలో తాళాలతో కూర్చున్నాను. పక్కన గోడ దగ్గర సోము, చుట్టిన పటం ఒకటి చంకలో పెట్టుకుని. టెర్లిన్ చొక్కా ఆరోజు తెల్లది.

కాంతం లేచింది. నీలం చీర కొంగు బిగించి దోపుకుంది. నోరు తెరిచింది.

"పెద్దలందరికీ నమస్కారం."

తెలుగు! క్రెయోల్ కాదు, తెలుగులో మొదలుపెట్టింది! "మన శరీరం చిన్న చిన్న కణాలతో కట్టి ఉంది. ఇల్లంతా ఇటుకలతో కట్టినట్టు. ఒక్కో కణం ఒక గది." ఒక్క తప్పు లేదు. "కళ్ళు" అన్నప్పుడు "ళ" కూడా సరిగ్గా పలికింది. నా బడిలో పెద్ద క్లాసు వాళ్ళకి కూడా ఆ "ళ" రాదు. నా పెళ్ళాం! ఇంట్లో "ఏమండీ", "మీరు" తప్ప మిగతాదంతా క్రెయోల్లో లాగించే నా పెళ్ళాం తెలుగు మాట్లాడుతోంది! పక్కాయన మోచేత్తో పొడిచి "నువ్వు నేర్పావా?" అన్నాడు. నేను నేర్పలేదు. నేర్పలేదని అనలేదు కూడా.

అప్పుడు మా ఆవిడ సరిగ్గా నాకేసి చూసింది. చూసి, కొంచెం నవ్వి, అంది:

"ఆ గది లోపల... మితోకొంద్రి."

నాకేసి చూసే ఎందుకనాలి? నవ్వే ఎందుకనాలి? ఒళ్ళు భగ్గుమంది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. పోనీ అక్కడితో ఆపిందా?

"మితోకొంద్రిలో ఎప్పుడూ దహనం జరుగుతూ ఉంటుంది..."

అయిపోయింది. నా చేతిలో తాళాలు ఎగిరి నేలమీద ఖంగుమని పడ్డాయి. కూర్చున్నచోటు నుంచి ఎలా లేచానో తెలియదు, దీపం దాటి అవతల పడ్డాను. "అరేత్!" అని అరిచాను. బస్సు ఆపడానికి రోజూ అరిచే అరుపు కదా, అదే వచ్చింది నోటికి.

"పెద్దలారా! ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను. ఇక ఓర్చుకోను. తెర వెనక ఈ మోకా పెద్దమనిషి నాకు తోక ఉందని ఆడవాళ్ళకి పాఠం చెప్తున్నాడు. నా పెళ్ళానికే నేర్పాడు. ఆ తోకని తగలబెట్టే దాకా వచ్చారు! నేను భజనలో ఎగురుతాను, నిజమే. దేవుడి కోసం ఎగురుతాను. అంతమాత్రాన నాకు తోక ఉన్నట్టా? చూడండి!"

వెనక్కి తిరిగాను. కోటు పైకెత్తాను.

"ఎక్కడుంది తోక?"

బయట నూనె చిటపటలు వినబడుతున్నాయి. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ముసలి సూరమ్మవ్వ, పాపం చూపు సరిగా ఆనదు, ముందుకి వంగి పరకాయించి చూసి, జాలిగా అంది:

"ఉంది నాయనా. తెల్లగా ఉంది."

తడుముకున్నాను. ఆ దీపం మీంచి దూకిన దూకుడుకి వెనకాల దోపుకున్న పంచె గోచీ ఊడిపోయి, మోకాళ్ళ దాకా వేలాడుతోంది అక్కా! నేను అటు తిరిగితే అది ఇటు ఊగుతోంది!

ఇప్పుడు నవ్వు బావా. నవ్వు, ఆపుకోకు. హాలు కూడా ఆపుకోలేదు. రేకులు మళ్ళీ లేచిపోతాయేమో అనుకున్నాను. గారెలు వేయించే ఆవిడ కూడా గరిటె పట్టుకుని లోపలికి వచ్చేసింది.

సోము ఒక్కడే నవ్వలేదు. తెల్లబోయి, చంకలో పటం విప్పి గోడకి పట్టుకున్నాడు. చిక్కుడు గింజలాంటి బొమ్మ ఒకటి, లోపలంతా మడతలు మడతలుగా ఉంది. దానికింద ఇంగ్లీషులో ఇంత పొడుగు పేరు, మైటోకాండ్రియా అట. "మిస్యే అప్పల్సామి," అన్నాడు భయంభయంగా, "మితోకొంద్రి అంటే ఇదండీ. మీది కాదు. అంటే... మీలోనూ ఉంటుంది. కానీ తోక కాదు."

పుస్తకం ఇంగ్లీషు, పలికే నోరు ఫ్రెంచి, వినే చెవి తెలుగు! మధ్యలో నా తోక మొలిచింది. ఆ గింజలోని మడతలు చూస్తూ, నేను కూడా ఏదో ఒక మడతలో దూరిపోతే బాగుండు అనుకున్నాను.

వీరన్న తాత కర్ర నేలకేసి కొట్టాడు. "ఇదేనా మీరు నేర్చుకున్నది? తోకల చదువా?" అన్నాడు. ఆయనకి చెవుడు, సగమే వినబడింది. వెనకాల పెద్దలు "తెర విప్పెయ్యండి" అని గొణగడం మొదలుపెట్టారు. అప్పుడు చూశాను కాంతం మొహం. వారం రోజులు తిండి మానేసి నేర్చుకున్న మాటలన్నీ నేను దూకిన చోట కిందపడి ఉన్నాయి. నా కుళ్ళు తీరింది. తీరాక నాకు ఏడుపొచ్చింది.

కానీ కాంతం ఏడవలేదు. నన్నొకసారి చూసి, వేలు నాకేసి చూపించి, తాతకి వినబడేలా గట్టిగా మొదలుపెట్టింది.

"తాతా, మా ఆయన ఇప్పుడు ఎంత ఎత్తు ఎగిరాడో చూశావా?"

"చూశాను. దీపం దాటాడు."

"అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? పొద్దున టీలో వేసుకున్న చక్కెర లోంచి వచ్చింది. చక్కెర నోట్లో పడగానే బలం అయిపోదు. అది విడివిడిగా కరిగి, నెత్తురులో పడి, ప్రతి కణం దగ్గరికీ పోతుంది. కణం లోపల ఈ గింజలున్నాయి, ఇవి దాన్ని మన ఊపిరితో కలిపి కాలుస్తాయి. పొగ లేదు, మంట కనబడదు. కానీ కాలుతుంది. ఆ వేడీ ఆ బలమే మనిషి. కండలో ఈ గింజలు ఎక్కువ. గుండెలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే గుండెకి సెలవు లేదు కదా. ఇవి ఆగిపోతే మా ఆయన ఎగరలేడు, నేను మాట్లాడలేను, నువ్వు కర్ర ఎత్తలేవు."

తాత కర్ర వైపు చూసుకున్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో, మన లిజిన్‌లో, బాయిలర్లోకి చెరకు పిప్పి తోసేవాడు. "అంటే పిప్పి కాల్చి యంత్రం తిప్పినట్టా?"

"సరిగ్గా అంతే తాతా! ఒక్కో గింజా ఒక లిజిన్."

"నాలో లిజిన్లున్నాయా?"

"బోలెడు!"

తాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "దొరవి కావు కదా?"

"కావు తాతా. అన్నీ నీవే."

ముసలాయన మొహం ఎలా వెలిగిపోయిందో చెప్పలేను. "బతుకంతా దొర లిజిన్‌లో చాకిరీ చేశాను, నా లోపలే ఇన్ని ఉన్నాయని ఒక్కడూ చెప్పలేదే!" అన్నాడు. "ఇంగ్లీషోడు జెండా దింపుకుని పోతాడంటున్నారు. పోయాక మనకి సూదులెవరు వేస్తారు? మన పిల్లలే వెయ్యాలి. తెర ఉంటుంది. ఇంకో దీపం కూడా పెట్టించండి, ఆ పక్క చీకటిగా ఉంటోంది." అని చెప్పి, నావైపు తిరిగి, "ఒరే అప్పల్సామీ, ముందు నీ తోక దోపుకోరా, భజనకి వేళైంది" అన్నాడు.

ఆ రోజు భజన ఎలా చేశానో ఆ రాముడికే తెలియాలి. లంకాదహనం పాట రాగానే ఊరంతా నాకేసి చూసింది. ఎగరకపోతే అలిగాననుకుంటారు, ఎగిరితే నవ్వుతారు. సగమే ఎగిరాను. దానికీ నవ్వారు. ఇంకా ఘోరమేమిటంటే, చివర్న సోము వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, "మీరు ఎగరకపోతే తాతకి అర్థమయ్యేది కాదు, థాంక్యూ మిస్యే" అన్నాడు. వెటకారం కాదు బావా, మనస్ఫూర్తిగానే అన్నాడు! మంచివాడి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో నీకు తెలియదు. పట్టుకోవడానికి ఎక్కడా పిడి దొరకదు.

ఇంటికి వెళ్తూ చెరకు తోటల పక్కన కాంతం ముందు నడుస్తోంది, నేను వెనక. తోకలా. చివరికి నేనే అడిగాను.

"తెలుగులో ఎందుకు చెప్పావు కాంతం? క్రెయోల్లో అయితే తేలిక కదా."

ఆగింది. "మీరు వింటారని," అంది. "ఎప్పుడూ అంటారు కదా, మనవాళ్ళు తెలుగుని పాటలకీ పూజలకీ తప్ప ఇంక దేనికీ వాడరు అని. నా పాఠమంతా తెలుగులో చెప్పి మీకు చూపిద్దామనుకున్నాను. మీ పిల్లల పుస్తకాల్లోంచి ఒక్కో మాటా ఏరుకున్నాను. ఆ ఒక్క మాటకే తెలుగు దొరకలేదు. మిమ్మల్ని అడిగితే ముందే తెలిసిపోతుందని అడగలేదు."

నేను చెరకు వైపు తిరిగాను. ఇన్నాళ్ళూ ఏ చూపు పోయిందని ఏడ్చానో, ఆ చూపు నా గుణింతాల పుస్తకంలోనే కూర్చుని ఉందట! తెర అవతలికి చెవులు పెట్టాను గానీ, ఇంట్లో కళ్ళు పెట్టలేదు.

కాస్త దూరం పోయాక బతిమాలుతున్నట్టు అన్నాను. "గుండెలో ఆ లిజిన్లు ఎక్కువ ఉంటాయన్నావు కదా, గుండె ఒక్క క్షణం ఆగదని? నా గుండెలో కూడానా?"

"మీది కండక్టర్ గుండె కదండీ," అంది. "ప్రతి స్టాపులోనూ ఆగుతుంది." అప్పుడు నవ్వింది. నెమళ్ళ వెనక నవ్విన నవ్వే, కానీ ఈసారి నాతో.

ఇప్పుడు సాయంత్రాలు నా బడి వదలగానే నేనూ తెర అవతలికి వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంటున్నాను. మితోకొంద్రికి మంచి తెలుగు మాట కనిపెట్టే పని నాకే అప్పజెప్పాడు తాత. ఎంత ఆలోచించినా రావట్లేదు. "ఎందుకురా బాధ, తోక అనెయ్, ఊరందరికీ అర్థమైపోయింది" అంటున్నాడు. ఒక్క సంగతి మాత్రం బాగా నేర్చుకున్నాను. కుళ్ళుకి మనం కడుపుమంట అని తప్పుడు పేరు పెట్టుకున్నాం. కడుపులో ఒక్కచోటే మండితే పర్వాలేదు. ఒళ్ళంతా, కణం కణంలో మండుతుంది, చక్కెర వేసినకొద్దీ ఇంకా మండుతుంది. అందుకే అక్కా, టీలో చూసి వెయ్యమన్నాను.

గుడ్‌ల్యాండ్స్‌లో బస్సెక్కేవాళ్ళ చూపులు పడలేక, రెండురోజులు సెలవు పెట్టి, ఇక్కడైతే ఎవరికీ తెలియదని వచ్చాను. ఈ పొద్దున ఏమైందో తెలుసా? మీ సుయాక్ బస్సు దిగుతున్నాను. నేనెప్పుడూ చూడని కండక్టరు కుర్రాడు, క్రెయోల్ వాడు, తెలుగువాడు కాదు, తలుపు దగ్గర చెయ్యి అడ్డంపెట్టి, బాబాయిని పిలిచినట్టు ఎంతో మర్యాదగా, "నిదానంగా దిగండి తొంతోన్, మీ *తోక* తలుపులో పడుతుంది" అన్నాడు.

మిగతాదంతా క్రెయోల్, ఆ ఒక్క మాటే తెలుగు! కథ నాకంటే ముందే బస్సెక్కి వచ్చేసిందన్నమాట! అచ్చంగా, నేను పలికినట్టే పలికాడు. ఇన్నేళ్ళు బడి పెట్టి గొంతు చించుకున్నా మా పిల్లల చేత ఒక్క మాట సరిగ్గా పలికించలేకపోయాను. ఆదివారం ఒక్కసారి కోటు ఎత్తానో లేదో, దేశమంతా తెలుగు నేర్చేసుకుంది!